రాయబారి నవాబు, ఆయన ఇంటి ఆడవాళ్ళు

చెవి వినపడని పిల్లల్ని చూపించడానికి మన గోదావరిఖని, రామగుండం వైపు నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ దాకా వెళ్ళొచ్చిన తల్లులు ఉంటారు. అక్కడి సంస్థ బోర్డు మీద ఒక పేరు ఉంటుంది, అలీ యావర్ జంగ్ అని. ఎవరీయన అంటే "ఎవరో పెద్ద డాక్టరై ఉంటాడులే" అనేస్తాం. కానీ ఆయన డాక్టరు కాదండీ. హైదరాబాద్ నవాబు. దేశదేశాల్లో మన రాయబారిగా పని చేసిన మనిషి.

'జంగ్' అనేది ఇంటిపేరు కాదు, నిజాం ప్రభువు ఇచ్చే బిరుదు. వాటిలోనూ మెట్లున్నాయి. జంగ్ పైన దౌలా, దానిపైన ముల్క్. ఈయన తాతగారు, అంటే తల్లికి తండ్రి, సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ. ఆయన 'ఇమాద్-ఉల్-ముల్క్'. నిజాం రాజ్యంలో చదువుల వ్యవహారమంతా చూసిన పెద్దమనిషి. కూతురు తయ్యబా బేగంని పరదాల వెనకే ఉంచక చదివించారు. ఆమె మద్రాసు యూనివర్సిటీ బి.ఏ. మన దేశంలో డిగ్రీ అందుకున్న మొదటి ముస్లిం స్త్రీలలో ఆమె ఒకరు. ఆ రోజుల్లో ఆడపిల్లకి అక్షరం నేర్పడమే గొప్ప! నన్నడిగితే ఈ కుటుంబం కథ నవాబుల దగ్గర కాదు, ఈ తల్లి దగ్గరే మొదలుపెట్టాలి.

అలీ యావర్ జంగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చారు. 1945లో ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మన సింగరేణి కంపెనీలో ఎక్కువ వాటాలు నిజాం సర్కారు కొన్నది కూడా ఆ ఏడే. అప్పటికి మన కరీంనగర్ జిల్లా అంతా ఆ రాజ్యంలోదే కదా. ఆ రాజ్యమే 1947లో ఎటూ తేలక ఊగిసలాడింది. ఢిల్లీతో మాట్లాడటానికి నిజాం పంపిన బృందంలో ఈయన ఉన్నారు. రాజీ కుదరనివ్వమని ఆ అక్టోబర్‌లో ఇత్తెహాద్ మనుషులు గుంపులుగా వచ్చి బృందంలోని పెద్దల ఇళ్ళను చుట్టుముట్టారు. బిరుదు ఇచ్చిన ప్రభువు ఒకవైపు, దేశం ఒకవైపు. మన ఇళ్ళల్లో అన్నదమ్ముల మధ్య తగువొస్తేనే ఎటూ చెప్పలేక నలిగిపోతాం. ఆయన దేశం వైపే నిలబడ్డారు.

ఆ తర్వాత 1952 నుంచి రాయబారి జీవితం. అర్జెంటీనా, ఈజిప్టు, యుగొస్లావియా, ఫ్రాన్స్. 1956లో సూయజ్ కాలువ గొడవలో ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడ్డప్పుడు కైరోలో మన దేశం తరఫున ఉన్నది ఈయనే. 1965లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళారు. సీట్లలో లోపలి విద్యార్థుల వాటా 75 నుంచి 50 శాతానికి తగ్గడంతో గొడవ లేచింది. ఏప్రిల్‌లో విద్యార్థులు మీద పడి కొట్టారు. ఒళ్ళంతా దెబ్బలు. అయినా వదిలేసి రాలేదు, 1968 దాకా అక్కడే పని చేశారు. తర్వాత అమెరికాలో రాయబారి, 1971 నుంచి మహారాష్ట్ర గవర్నర్. ఆ పదవిలో ఉండగానే 1976 డిసెంబర్ 11న బొంబాయిలో కన్నుమూశారు. చెవుడు, మాట సమస్యల కోసం 1983లో బొంబాయిలో పెట్టిన జాతీయ సంస్థకి ఆయన పేరు పెట్టారు. సికింద్రాబాద్‌లో ఉన్నది దాని శాఖే.

ఇక ఇంటి సంగతి. ఆయన మొదటి భార్య ఆలిస్ ఫ్రెంచి అమ్మాయి. సముద్రాలు దాటి హైదరాబాద్ నవాబుల ఇంటి కోడలైంది. భాష వేరు, తిండి వేరు, మతం వేరు. పక్క జిల్లా నుంచి కోడలిగా వచ్చిన మనమే అత్తగారింటి పులుసు అలవాటయ్యే దాకా ఎన్నాళ్ళు మథనపడతాం! ఆ పెళ్ళి నిలవలేదు. నవాబుగారు తర్వాత జెహరా బేగంని చేసుకున్నారు. ఆలిస్ మాట అక్కడితో మరుగున పడిపోవలసిందే. కానీ ఆమెకి బిల్కీస్ అనే కూతురు ఉంది. అమ్మ జీవితాన్ని 'హర్ ఇండియా' అని ఇంగ్లీషులో పుస్తకంగా రాసింది. గొప్పవాడైన నాన్న గురించి రాసే కూతుళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఈవిడ అమ్మ కథ ఎంచుకున్నారు చూడండి, నాకు అదే నచ్చింది.

బిల్కీస్ 1951లో ఇద్రిస్ లతీఫ్ అనే వైమానిక దళం అఫ్సరుని పెళ్ళి చేసుకున్నారు. ఆయనా హైదరాబాదీయే. దేశం రెండైనప్పుడు తోటి అఫ్సర్లు పాకిస్థాన్ రమ్మంటే పోలేదు. 1978లో మన వాయుసేనకి అధిపతి అయ్యారు. ఆ తర్వాత జరిగింది కథల్లో రాస్తే మనం నమ్మం. 1982లో ఆయన మహారాష్ట్ర గవర్నర్, 1985లో ఫ్రాన్స్‌లో రాయబారి. రెండూ మామగారు చేసిన ఉద్యోగాలే! నాన్న పోయిన ఆరేళ్ళకి ఆయన ఉన్న రాజ్‌భవన్‌కి బిల్కీస్ ఇల్లాలిగా వెళ్ళారు. అక్కణ్ణుంచి అమ్మ పుట్టిన దేశానికి భారత రాయబారి భార్యగా వెళ్ళారు.

రాజ్‌భవన్‌లో ఉన్నన్నాళ్ళూ టీ పార్టీలతో సరిపెట్టుకోలేదావిడ. ధారావి మురికివాడకి వెళ్ళి అక్కడి వాళ్ళ కోసం పని చేశారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. 1999లో ఆవిడ వంటల పుస్తకం ఒకటి వేశారు, 'ది ఎసెన్షియల్ ఆంధ్రా కుక్‌బుక్'. పేరు ఆంధ్రా అయినా హైదరాబాద్, తెలంగాణ వంటలు అని అట్ట మీదే విడిగా అచ్చు వేయించారు. తెలంగాణ రాష్ట్రం రావడానికి అప్పటికి ఇంకా 15 ఏళ్ళుంది. మన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు చుట్టాల ముందు పెట్టడానికి మనమే మొహమాటపడుతున్న రోజులవి!

పారిస్ నుంచి వచ్చాక భార్యాభర్తలు హైదరాబాద్‌లోనే ఉండిపోయారు. 2017 అక్టోబర్‌లో ఆవిడ పోయారు. ఆర్నెల్లకి, 2018 ఏప్రిల్ 30న, ఆయన కూడా.