పొగలో పోతున్న డీజిల్

ఇంజన్ కొనేటప్పుడు చూపే శ్రద్ధ ప్రొపెల్లర్ ఎంపికలో కనిపించదు. రెండంగుళాల తేడా రాయితీని మింగేయగలదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల అడుగుభాగం గీకి రంగులు వేయడానికి, ఇంజన్లు విప్పడానికి ఇదే అదను. మిగతా పది నెలలూ నీటి అడుగున దాక్కునే ప్రొపెల్లర్, వాడుకలో చెప్పాలంటే ఫ్యాన్, అప్పుడే కంటబడుతుంది. అరిగిందా, రెక్క వంగిందా అని చూసి మళ్లీ బిగిస్తారు. అసలు ఆ సైజు ఆ బోటుకు సరైనదేనా అన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు పక్కకు పోతుంది.

పోకూడని ప్రశ్న అది. ట్రాలర్ వేటకు వెళ్లొచ్చే ఖర్చులో అగ్రభాగం డీజిల్‌దే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబర్‌లో మరపడవలకు ఇచ్చే డీజిల్ రాయితీని లీటరుకు రూ. 6.03 నుంచి రూ. 9కి పెంచింది. లీటరు ధర రూ. 90 దాటాక ఆ తొమ్మిది రూపాయలు సుమారు పదో వంతు. అంటే సైజు కుదరని ప్రొపెల్లర్ వల్ల పదో వంతు ఇంధనం వృథా అయితే, సర్కారు ఒక చేత్తో ఇచ్చింది పొగగొట్టంలోంచి పోయినట్లే.

ప్రొపెల్లర్ సైజును రెండు అంకెల్లో చెబుతారు. 30 × 20 అంటే మొదటిది వ్యాసం. తిరిగేటప్పుడు రెక్కల కొసలు గీసే వలయం 30 అంగుళాలన్నమాట. రెండోది పిచ్. చెక్కలోకి దిగే మరమేకులా, ఒక్క చుట్టుకు అది 20 అంగుళాలు ముందుకు పోవాలి. కానీ నీరు చెక్క కాదు, జారుతుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజన్‌కు 3:1 గేర్‌బాక్స్ ఉంటే ప్రొపెల్లర్ 667 చుట్లు తిరుగుతుంది. 20 అంగుళాల పిచ్‌తో లెక్క ప్రకారం బోటు గంటకు 11 నాటికల్ మైళ్లు వెళ్లాలి. బరువైన చేపల బోటు వాస్తవంగా ఏడు వెళ్తే గొప్ప. ఈ తేడానే స్లిప్ అంటారు. దీన్ని పూర్తిగా నష్టం కింద రాసుకోవడం కూడా పొరపాటే. ప్రొపెల్లర్ నీటిని వెనక్కి నెడితేనే కదా బోటు ముందుకు కదిలేది.

పెద్ద ఫ్యాన్ వేస్తే ఎక్కువ లాగుతుందన్న నమ్మకం గట్టిది. అందులో సగం నిజముంది. అదే వేగంతో తిప్పితే ప్రొపెల్లర్ అడిగే శక్తి వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది. 30 అంగుళాల స్థానంలో 32 అంగుళాలది బిగిస్తే అదనపు భారం రెండంగుళాలే అనిపిస్తుంది. లెక్క వేస్తే 38 శాతం. అంత శక్తి ఇంజన్‌లో లేకపోతే అది ఉండాల్సిన చుట్లను అందుకోలేదు. అరకు ఘాట్ రోడ్డును లోడు లారీతో టాప్ గేరులో ఎక్కించబోతే ఏమవుతుంది? ఇంజన్ మూలుగుతుంది, నల్లటి పొగ కక్కుతుంది. బోటులోనూ అంతే. కాలని డీజిల్ మసిగా బయటికి పోతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, వాల్వులూ పిస్టన్లూ త్వరగా పాడవుతాయి. అప్పు చేసి కొన్న ఇంజన్ గడువుకు ముందే షెడ్డుకు చేరుతుంది.

మరీ చిన్నది వేస్తే ఇంజన్ తేలిగ్గా గరిష్ఠ వేగానికి చేరి, గవర్నర్ అడ్డుకోవడంతో అక్కడ ఆగిపోతుంది. మోత బాగానే ఉంటుంది, బోటు మాత్రం నడవదు. ఇంజన్‌కు దెబ్బ తక్కువే గానీ, డబ్బు పోసి కొన్న హార్స్‌పవర్‌లో కొంత వాడకుండానే మిగిలిపోతుంది.

సైజు విషయంలో చరిత్రలో ఒక తమాషా జరిగింది. 1837లో ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ రెండు చుట్ల పొడవున్న కొయ్య స్క్రూతో లండన్ కాల్వలో పడవను పరీక్షిస్తుండగా, అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగుతుందనుకుంటే అంతకుముందు కంటే వేగంగా వెళ్లింది. అలాంటి అదృష్టం మీద ఆధారపడాల్సిన అవసరం ఇప్పుడు లేదు. నిండా డీజిల్, ఐసు, సిబ్బందితో బోటును తీసుకెళ్లి థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఇంజన్ తయారీదారు చెప్పిన గరిష్ఠ చుట్లకు చేరాలి. చేరకపోతే పిచ్ తగ్గించాలి, దాటిపోతే పెంచాలి. కంచు ప్రొపెల్లర్ రెక్కలను వర్క్‌షాపులో అంగుళం అటూ ఇటూ తిప్పించుకోవచ్చు. కొత్తది కొనక్కర్లేదు. దీనికి కావాల్సిన పరికరం సరిగ్గా పనిచేసే ట్యాకోమీటర్ ఒక్కటే. సరంగు ముందున్న ఆ మీటరు పనిచేయకపోతే మాత్రం ఎంత అనుభవమున్నా చెవితో చేసే అంచనానే గతి.

ఖాళీ బోటుతో, అప్పుడే గీకిన అడుగుభాగంతో పరీక్షిస్తే ఫలితం మోసం చేస్తుంది. నెలలు గడిచేకొద్దీ అడుగున గవ్వలు, నాచు పట్టి భారం పెరుగుతుంది. అందుకే శుభ్రంగా ఉన్నప్పుడు చుట్లు కాస్త మించేలా ఉంచుకోవడం మేలు.

ట్రాలర్‌కు ఇంకో చిక్కుంది. వేట స్థలానికి వెళ్లేటప్పుడు దానికి వేగం కావాలి. వల లాగేటప్పుడు గంటకు రెండు మూడు నాటికల్ మైళ్ల నడకతో గుంజే బలం కావాలి. పరుగుకు తగిన ఎక్కువ పిచ్ వల లాగేటప్పుడు ఇంజన్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. రోజులో ఎక్కువ గంటలు వల లాగే బోటుకు ఆ పనిని బట్టే పిచ్ నిర్ణయించాలి, పరుగులో కొంత వేగం వదులుకోవాలి. పక్క బోటు కంటే ముందు జెట్టీకి చేరాలన్న పంతం ఇక్కడే అడ్డొస్తుంది. నిజానికి చుట్లు పది శాతం తగ్గిస్తే ప్రొపెల్లర్ అడిగే శక్తి నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది.

గేర్‌బాక్స్‌తో చుట్లు బాగా తగ్గించి, పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పడం ఇంధనానికి అన్నిటికంటే మంచిది. కానీ పెద్దదానికి చోటేది? రెక్క కొసకూ బోటు అడుగుకూ మధ్య వ్యాసంలో పది, పదిహేను శాతమైనా ఖాళీ లేకపోతే బోటంతా అదురుతుంది. గోదావరి లాంచీలకు ఇసుక మేటలు, వేసవి నీటిమట్టం మరో హద్దు గీస్తాయి. రాయ్‌పూర్‌లోని తెలీబంధా లాంటి చెరువులో మరపడవ నడిపితే లెక్క సులువు. అక్కడ ప్రవాహం లేదు, వల లేదు, బరువులో మార్పూ అంతంతే.

అందుకే ఒక బోటుకు కుదిరిన సైజు పక్కదానికి కుదరాలని లేదు. ఒకే యార్డులో కట్టిన రెండు బోట్లకైనా ఇంజన్ వేరయితే, గేర్ నిష్పత్తి వేరయితే ప్రొపెల్లర్ కూడా వేరే ఉండాలి. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిసేలోపు ఐసు, డీజిల్ నింపాక ఒక్క గంట హార్బర్ బయట తిప్పి చూస్తే చాలు. పొగ రంగు, మీటరు ముల్లు కలిసి విషయం చెప్పేస్తాయి.