చలికాలం చివర తడి బొగ్గు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఈశాన్య భాగంలో కొన్ని ఇళ్లను ఇప్పటికీ నేలబొగ్గే వెచ్చగా ఉంచుతుంది. అక్కడ దొరికేది ఆంథ్రసైట్. గాజులా మెరిసే గట్టి బొగ్గు. కార్బన్ 86 శాతానికి పైనే. పొగ దాదాపు రాదు, పొట్టి నీలి మంటతో గంటల తరబడి నిలకడగా కాలుతుంది. అయితే అంత తేలిగ్గా రాజుకోదు. 1808లో విల్క్స్-బ్యారీ పట్టణంలో జెస్సీ ఫెల్ దీన్ని ఇనుప కమ్మీల మీద పేర్చి, కింది నుంచి గాలి ఆడేలా చేసి మండించి చూపాక ఇళ్లలో దీని వాడకం పెరిగింది.

ఈ బొగ్గును పరిమాణాన్ని బట్టి అమ్ముతారు. ఆ పేర్లన్నీ వంటింటివే: బియ్యం, బఠాణీ, చెస్ట్‌నట్, గుడ్డు. బియ్యం రకం గింజ 5 నుంచి 8 మిల్లీమీటర్లు, బఠాణీ 14 నుంచి 20, చెస్ట్‌నట్ 20 నుంచి 41. తొట్టిలోంచి బొగ్గు తనంతట తానే జారిపడే యంత్రపు పొయ్యికి బియ్యం రకం కావాలి. చేత్తో వేసే పొయ్యికి చెస్ట్‌నట్ గానీ బఠాణీ గానీ సరిపోతుంది, రెండూ కలిపినా మండుతాయి. అందుకే కొరత వచ్చినప్పుడు చేతి పొయ్యి ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉంటుంది. యంత్రపు పొయ్యికి ఆ వెసులుబాటు లేదు.

ఫిబ్రవరి నాటికి కొరత ఎందుకు వస్తుంది? ముందుచూపున్నవారు ఎండాకాలంలోనే నిల్వ చేసుకుంటారు. చలి అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు సాగితే మిగిలినవారంతా ఒక్కసారిగా దుకాణాల మీద పడతారు. సరిగ్గా అప్పుడే సరఫరా కూడా మందగిస్తుంది. బొగ్గును పగలగొట్టి జల్లించే బ్రేకర్ కర్మాగారాల్లో రాయీ మట్టీ వేరుచేయడానికి నీళ్లే ఆధారం. గడ్డకట్టే చలిలో ఆ పని కుంటుపడుతుంది. నిల్వ ఉండి నీరు వడిసిన బొగ్గు అప్పటికే అయిపోతుంది కాబట్టి, చివరకు చేతికొచ్చేది కడిగి అప్పుడే బయటికొచ్చిన తడి సరుకు. ఆరుబయట ఉంటే గింజకు గింజ మంచుతో అతుక్కుని రాయిలా బిగుసుకుపోతుంది.

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఆంథ్రసైట్ తనలోకి పీల్చుకునే నీరు చాలా తక్కువ. తడి అంతా పైపైనే. లిగ్నైట్‌లోనైతే నీరు లోలోపలే ఉంటుంది, అది అంత సులువుగా పోదు. పైతడి మాత్రం గింజ చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుంది, ఎందుకంటే అదే బరువుకు ఉపరితలం ఎక్కువ. బియ్యం రకాన్ని ఆరబెట్టడానికే ఎక్కువ ఓపిక కావాలి.

తడి వల్ల వేడి బాగా తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే ఆ నష్టం చిన్నదే. 18 కిలోల సంచిలో పదో వంతు నీరే అనుకున్నా, ఆ నీటిని ఆవిరి చేయడానికి పావుకిలో బొగ్గు కూడా ఖర్చు కాదు. అసలు ఇబ్బందులు వేరు. బొగ్గు బదులు నీటికి డబ్బు కట్టాల్సి వస్తుంది. తడిసిన పొడి ముద్దకట్టి తొట్టిలో అడ్డుపడితే, కింది బొగ్గు కాలిపోయి అర్ధరాత్రి నిప్పు ఆరుతుంది. తేమ, బొగ్గులోని గంధకం కలిసి పొగగొట్టాన్ని తుప్పు పట్టిస్తాయి.

ఆరబెట్టే పద్ధతి సులువు. సంచి అడుగున చిల్లులు పొడిచి, కాస్త వాలుగా ఉన్న చోట నిలబెడితే చాలావరకు నీరు కారిపోతుంది. తర్వాత ఒకటి రెండు రోజులకు సరిపడా బొగ్గును బకెట్లలో పోసి పొయ్యి ఉన్న గదిలో ఉంచాలి; పొయ్యికి మరీ ఆనించకూడదు. ఒక బకెట్ వాడుతుండగా మరొకటి ఆరుతుంది. గడ్డలు కూడా అక్కడే కరుగుతాయి. బయటి కుప్పను టార్పాలిన్‌తో పైన కప్పాలి గానీ చుట్టూ బిగించకూడదు, గాలి ఆడకపోతే తడి లోపలే ఉండిపోతుంది.

ఆంథ్రసైట్ కుప్ప తనంతట తాను అంటుకోవడం అరుదు. మెత్తరకం బొగ్గుకు ఆ భరోసా లేదు. కుప్పలు లోలోపల వేడెక్కి రాజుకోవడం తెలంగాణలోని సింగరేణి ప్రాంతానికి తెలిసిన బెడదే.

తడి బొగ్గును నిప్పు మీద ఒక్కసారిగా గుమ్మరించడం ప్రమాదం. ఎర్రటి నిప్పు పూర్తిగా కప్పుకుపోతే వాయువులు పేరుకుని, తర్వాత భగ్గున అంటుకుంటాయి. ఒక మూల నిప్పు కనబడేలా వదిలి, కొద్దికొద్దిగా వేయాలి. బొగ్గు మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి బొగ్గు పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లో, ముఖ్యంగా పడకగదుల దగ్గర, దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరిగా ఉండాలి.