నిలిచియున్న కారు, చలికాలపు నీరు

రష్యా, కెనడా వంటి దేశములలో చలికాలమున కారును మూసిపెట్టువారు ముఖ్యముగా భయపడునది ఇంజనులోని నీరు గడ్డకట్టునని. ఆదిలాబాదు ప్రాంతమున ఆ భయము లేదు. తెలంగాణములో మిక్కిలి చలి అక్కడనే. అయినను సిర్పూరు, గుడిహత్నూరు వంటి చోట్ల డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటీగ్రేడు దరికి దిగునే కాని సున్నకు చేరదు. మరి అక్కడ మూడు మాసములు కదలక నిలిచిన కారు ఎందుకు పాడగుచున్నది?

కరీంనగరు, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లవద్ద ఇట్టి కార్లుండును. కొన్ని ఇండ్లలో తండ్రి కొన్న అంబాసిడరు కూడ కనిపించును. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. కావున దాని రేకు తుప్పు తిన్నచో మరల సంపాదించుట సులభము కాదు.

శత్రువు చలి కాదు, గాలిలోని నీరు. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములే. ఇమడని ఆవిరి చల్లని లోహముపై బిందువులై నిలుచును. కారు పైకప్పు రాత్రివేళ తన వేడిని ఆకాశమునకు ప్రసరింపజేసి, చుట్టునున్న గాలికంటె ఎక్కువగా చల్లబడును. పైకప్పు మీది మంచు ఎండకు ఆరిపోవును. తలుపుల అడుగు సందులలో చేరినది ఆరదు. తుప్పు అక్కడ మొదలగును.

కొందరు ధాన్యముపై కప్పు తాడిపత్రినే కారుకు చుట్టి త్రాటితో బిగింతురు. నేలనుండి లేచిన ఆవిరి బయటికి పోలేక లోపలనే చెమర్చును. గాలియాడు కొట్టములో పలుచని నూలుగుడ్డ కప్పుట దీనికన్న ఎంతో మేలు.

వెర్నను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1930వ దశకములో ఇనుము తుప్పును పరీక్షించెను. సల్ఫర్ డయాక్సైడు లేశమాత్రము కలిసిన గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతము దాటగానే తుప్పు హఠాత్తుగా హెచ్చుననియు, బొగ్గు రేణువులు దానిని ఇంకను త్వరపెట్టుననియు ఆయన కనుగొనెను. బొగ్గు గనులున్న గోదావరిఖని, మంచిర్యాలలలో ఈ విషయము మరువరాదు. దుమ్ముతో ఉన్న కారుపై గుడ్డ కప్పరాదు. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరిన పిదపనే కప్పవలెను.

రోజూ ఐదు నిమిషములు ఇంజను ఆడించుడని ఇంటివారికి చెప్పిపోవుట పరిపాటి. ఇది మేలుకన్న కీడే ఎక్కువ చేయును. ఆక్టేను అణువులో 8 కార్బను, 18 ఉదజని పరమాణువులు కలవు. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండినచో 162 గ్రాముల నీరు ఏర్పడును. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలు మండినపుడు దాదాపు ఒక లీటరు నీరు పుట్టును! ఇంజను బాగుగా వేడెక్కినచో ఈ నీరు ఆవిరియై పోవును. ఐదు నిమిషములలో అంత వేడి పుట్టదు. నీరు సైలెన్సరులోను, ఇంజను నూనెలోను మిగులును. అట్టి నూనె ఒక్కొక్కప్పుడు మజ్జిగవలె తెల్లబడును. పదునైదు రోజులకొకసారి అరగంటసేపు రోడ్డుపై నడుపువారుండిన మంచిదే. లేనిచో అసలు కదపకుండుటే క్షేమము.

బ్యాటరీ సంగతి వేరు. కారు నిలిచియున్నను గడియారము, అలారము కొంత విద్యుత్తును త్రాగుచునే యుండును. అది 30 మిల్లీ ఆంపియర్లనుకొందము. 30 రోజులకు 21.6 ఆంపియర్-గంటలగును. 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగముకంటె ఎక్కువ! అట్లు ఖాళీయైనపుడు పలకలపై లెడ్ సల్ఫేటు స్ఫటికములు గట్టిపడి, తిరిగి చార్జి చేసినను పూర్వపు శక్తి రాదు. కనుక ఋణధ్రువపు తీగను విప్పిపెట్టవలెను. నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.4కు దిగినచో చార్జి చేయించవలెను.

టైరులోని గాలి కూడ చలికి తగ్గును. 30 డిగ్రీల వద్ద 30 పౌనులున్న టైరు 10 డిగ్రీల వద్ద సుమారు 27 చూపును. వాతావరణ పీడనమును కలిపి లెక్కించినచో విద్యార్థులకీ అంకె తేలును. అందుచే కొంచెము ఎక్కువ గాలి నింపి, చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, హ్యాండ్‌బ్రేకు వదలివేయవలెను. బిగించియుంచినచో బ్రేకు డ్రమ్ముకు అంటుకొనిపోవచ్చును. పెట్రోలు టాంకి నిండుగా ఉండిన, తేమగాలికి చోటు తగ్గును. 2025 నాటికి మనదేశపు పెట్రోలులో సుమారు 20 శాతము ఇథనాలు కలుపుట వాడుకయైనది. ఇథనాలు తేమను పీల్చును గనుక మూత బిగువుగా ఉండవలెను.

ఎలుకలు దూరకుండ సైలెన్సరు గొట్టమునకు గుడ్డ కుక్కువారు, ఆ సంగతి ఒక చీటీపై వ్రాసి స్టీరింగుకు కట్టిపోవుట మంచిది. తిరిగి తాళము త్రిప్పువారు వేరొకరు కావచ్చును.