దారి మారిన ప్రతి క్యాబూ ప్రమాదంలో ఉన్నట్టేనా?

యాప్ చూపించిన దారి ఒకటి, క్యాబ్ వెళ్తున్న దారి ఇంకొకటి. లేదంటే పది నిమిషాలుగా కారు కదలట్లేదు. ప్రయాణికురాలు ఆపదలో ఉన్నారా? లేక ట్రాఫిక్ ఆగిపోయిందా? సర్వర్‌కి కనిపించేవి జీపీఎస్ చుక్కలే. వాటిని బట్టి తేడా పసిగట్టే పనినే ‘అనామలీ డిటెక్షన్’ అంటారు. డేటా సైన్స్ ఉద్యోగాలకు సిద్ధమవుతుంటే దీనిపై ఓ ప్రాజెక్టు చేసి చూడండి.

ఇది ప్రాణాలతో ముడిపడిన పని. 2018లో చైనాలో దీదీ సంస్థ ‘హిచ్’ సేవలో ప్రయాణించిన ఇద్దరు మహిళలు, ఒకరు మేలో, మరొకరు ఆగస్టులో హత్యకు గురయ్యారు. ఆ సేవనే ఆపేయాల్సి వచ్చింది. అదే ఏడాది ఉబర్ ‘రైడ్‌చెక్’ని ప్రకటించింది. బండి అనుకోకుండా ఎక్కువసేపు ఆగినా, ప్రమాదం జరిగినట్టు అనిపించినా డ్రైవర్‌నీ, ప్రయాణికుణ్నీ ‘అంతా బాగానే ఉందా?’ అని యాప్ అడుగుతుంది.

99 శాతంతో మోసపోకండి

ఒక లెక్క వేద్దాం. 10 లక్షల ట్రిప్పుల్లో 100 నిజంగా ప్రమాదకరమైనవి అనుకోండి. మీ మోడల్ రెండు రకాల ట్రిప్పుల్నీ 99 శాతం సరిగ్గా గుర్తిస్తుంది. అంటే 99 ప్రమాదాలు దొరుకుతాయి. కానీ దాదాపు 10 వేల మామూలు ట్రిప్పులకూ అలారం మోగుతుంది! వంద అలారాల్లో నిజమైనది ఒక్కటే. ప్రతిదానికీ డ్రైవర్‌ని బ్లాక్ చేస్తే ఎంతమంది ఉపాధి పోతుందో ఆలోచించండి. అలాగని ఏ అలారమూ మోగించని ప్రోగ్రామ్‌కి అక్యురసీ 99.99 శాతం వస్తుంది. కానీ అది ఒక్కరినీ కాపాడదు.

ప్రాజెక్టు ఇలా మొదలుపెట్టండి

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో 442 ట్యాక్సీలు 2013 జులై నుంచి ఏడాదిపాటు తిరిగిన డేటా యూసీఐ రిపాజిటరీలో ఉచితంగా దొరుకుతుంది. 15 సెకన్లకో జీపీఎస్ చుక్క ఉంటుంది.

* ప్రతి ట్రిప్పుకీ కొన్ని కొలతలు తీయండి: మామూలు దూరానికి ఎన్ని రెట్లు తిరిగింది, ఎంతసేపు ఆగింది, ఏ సమయంలో.
* ఏ ట్రిప్పు ప్రమాదకరమో డేటాలో రాసి ఉండదు. కాబట్టి పైథాన్‌లో ‘ఐసొలేషన్ ఫారెస్ట్’ వాడండి. గుంపులో ఉన్న చుక్కను విడదీయాలంటే చాలా గీతలు గీయాలి, ఒంటరి చుక్క రెండు మూడు గీతలకే విడిపోతుంది. కిటుకు అంతే.
* చుట్టూ ఉన్న బండ్లతో పోల్చండి. వినాయక నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ చుట్టూ అన్ని బండ్లూ దారి మారతాయి. అవన్నీ ఆగితే ట్రాఫిక్, ఒక్కటే ఆగితే అనుమానం.
* అలారం మోగాక ఏం చేయాలో కూడా రాయండి: ముందు మెసేజ్, జవాబు లేకపోతే ఫోన్, అప్పటికీ తేలకపోతే సహాయక సిబ్బంది.

ఇంటర్వ్యూలో అక్యురసీ ఎంతో చెప్పి ఆగిపోవద్దు. ఎన్ని ప్రమాదాలు వదిలేశారో, ఎన్ని తప్పుడు అలారాలు మోగించారో చెప్పండి. మోడల్‌ని ఎంత అర్థం చేసుకున్నారో ఆ రెండు అంకెలే చెబుతాయి.