చిన్నాయన వైసు మళ్ళీ ఇంటికొచ్చింది

మన పక్క మగ్గం అమ్మితే కిలో లెక్కే. ఆర్.కె.పేటలో గానీ, అమ్మయార్‌కుప్పం, పొదటూరుపేట, పళ్ళిపట్టు దిక్కు గానీ, ఒక ఇంట్లో మరమగ్గం ఆగిపోయిందంటే పాత ఇనుము వాళ్ళు తక్కెడ తీసుకుని వచ్చేస్తారు. అది ఎన్ని చీరలు నేసింది, ఎన్ని లుంగీలు నేసింది, ఎంతమంది పిల్లల్ని చదివించింది అని ఎవరూ అడగరు. మగ్గంతో బాటు పక్కన పడి ఉండే స్పానర్లు, సుత్తి, ఆకురాయి, వైసు కూడా అదే తక్కెడలోకి ఎక్కుతాయి.

అట్ల పోయిన ఒక వైసును మేము మళ్ళీ కొని ఇంటికి తెచ్చుకున్నాము. ఇట్లాంటి పని చేయాలనుకునే వాళ్ళకు ఉపయోగపడుతుందని ఎట్ల తెచ్చుకున్నామో రాస్తున్నాను.

వైసు అంటే తెలియని ఆడబిడ్డలు, చిన్నపిల్లలు ఉంటారు. బల్లకు బోల్టు వేసి బిగించే ఇనుప దవడ అది. పిడి తిప్పితే దవడ మూసుకుని వస్తువును కదలకుండా పట్టుకుంటుంది. ఒక్క మనిషే పని చేసేటప్పుడు రెండో మనిషి చెయ్యి అదే. షటిల్ కొసన ఉండే ఇనుప ముక్కుకు చిన్న గరుకు లేచినా పడుగు పోగులు తెగిపోతాయి. షటిల్‌ను వైసులో పట్టించి, కొయ్య నలగకుండా రెండు పక్కలా తోలు ముక్కలు పెట్టి, ఎమరీ కాగితంతో ముక్కును నున్నగా చేయాల. మా చిన్నాయన ఆ పని చేసినాక షటిల్‌ను చెంపకు రాసుకుని చూసేవాడు. చెంపకు గీసుకోకపోతే పోగుకూ గీసుకోదు అనేవాడు.

చిన్నాయన మద్రాసులో ఒక మిల్లులో ఫిట్టరు. ఆ కాలంలో మన ఊళ్ళ నుంచి మద్రాసు మిల్లులకు పోయిన వాళ్ళు చానామంది. పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. ఆ మిల్లు కార్మికులతోనే 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి.వాడియా దానికి అధ్యక్షుడు. మన దేశంలో మొదటి కార్మిక సంఘాల్లో అది ఒకటి. పని గంటలు, కూలి, మధ్యాన్నం అన్నం తినే టైము కోసం అప్పటివాళ్ళు కొట్లాడినారు. ఇవన్నీ పెద్దవాళ్ళు చెప్పగా విన్నవే.

నేనూ మిల్లులోనే పని చేసినాను కాబట్టి ఒకటి చెబుతాను. మిల్లులో పనిముట్టు మనది కాదు. పొద్దున టోకెను ఇచ్చి స్పానరు తీసుకుంటాము, సాయంత్రం స్పానరు ఇచ్చి టోకెను తీసుకుంటాము. ఇరవై ఏండ్లు పట్టుకున్నా చేతికి కాయ కాస్తుంది గానీ స్పానరు ఇంటికి రాదు. చిన్నాయన పని చేసిన మిల్లు మూతపడినప్పుడు ఆయన చేతికి కొద్దిపాటి దుడ్డు వచ్చింది. పుదుప్పేట పాత ఇనుము అంగళ్ళలో తిరిగి 5 అంగుళాల వైసు ఒకటి కొన్నాడు. 16 కిలోల బరువు. గోనెసంచిలో కట్టి, తిరుత్తణి దాకా రైలులో, అక్కడి నుంచి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చినాడు. ఆయన సొంతమైన మొదటి పనిముట్టు అదే. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, దాని మీదనే వీధి వీధిలోని మరమగ్గాలకు రిపేరు చేసి సంసారం లాగినాడు.

ఆయన కాలం చేసినాక ఆసుపత్రి అప్పు నిలిచింది. ఆయన కొడుకు, నాకు తమ్ముడు, షెడ్డులోని సామాన్లు అన్నీ అమ్మి అప్పు కట్టినాడు. వైసు షోలింగరు రోడ్డులో ఒక వెల్డింగ్ అంగడికి పోయింది. అప్పు కట్టినవాడిని ఎవరూ తప్పు పట్టలేదు. అయినా ఆ దినం నుంచి వాడు ఆ రోడ్డులో పోవడం మానేసి చుట్టు దారిన పోయేవాడు.

ఈ మధ్య తమ్ముడి కూతురు ఐటిఐలో ఫిట్టరు కోర్సు పాసైంది. క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే. తాత చేసిన పని మనవరాలు నేర్చింది. ఆయుధపూజకు ఏమైనా ఇవ్వాల అనుకున్నాము. మా అక్క కమ్మలు అనింది. నేను వైసు అన్నాను. పాత ఇనుము బహుమానమా అని అందరూ నవ్వినారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"తెస్తే మంచిదే నాయనా. కానీ వాడు అమ్మినాడని ఊరంతా తెలుసు. దాన్ని తెచ్చి వాడి ముందర పెడితే వాడు తల ఎత్తుకోగలడా?" అనింది.

అసలు కష్టం అదే. దుడ్డు సర్దుకోవచ్చు. బహుమానం ఒకరికి ఇచ్చి ఇంకొకరిని కొట్టినట్టు కాకూడదు కదా. అందుకని అంగడికి పోకముందే తమ్ముడి ఇంటికి పోయినాను. "ఒరే, అది మన వైసేనా, ఇంకా పనికొస్తుందా అని చూసి చెప్పేవాడివి మన ఇంట్లో నువ్వు ఒక్కడివే. నువ్వు రాకపోతే నేను పోను" అన్నాను. వాడు ఏమీ పలకలేదు. నాలుగు దినాలు చూసినాను. ఐదో దినం తెల్లారి బండి వేసుకుని వచ్చి, "కూర్చో అన్నా, పోదాం" అన్నాడు.

అంగట్లో వైసు బల్ల మీదనే ఉంది. పిడి చూస్తానే గుర్తు పట్టినాము. అసలు పిడి విరిగినప్పుడు చిన్నాయన పాత మగ్గం కడ్డీ కోసి వేసినాడు. దవడ పక్కన సెంటర్ పంచితో కొట్టిన మూడు చుక్కలు ఉన్నాయి. తమ్ముడు సుత్తితో మెల్లగా తట్టి విన్నాడు. పోత ఇనుము బాగుంటే గంట మాదిరి మోగుతుంది, పగులు ఉంటే మొద్దు శబ్దం వస్తుంది. దవడలు మూసి వెలుతురుకు పెట్టి సందు చూసినాడు. పిడి ముందుకూ వెనక్కీ తిప్పి మర అరిగిందా అని చూసినాడు. పాత వైసు కొనేవాళ్ళు ఈ మూడూ చూసుకోవాల.

అంగడి ఆయన మంచివాడే, కానీ ఇవ్వనన్నాడు. "దుడ్డు నాకెందుకన్నా? దినమూ దీని మీదనే నా పని. ఇది పోతే రేపు నేనేం చేసేది?" అన్నాడు. న్యాయమైన మాట. మనమూ చేతిపని వాళ్ళమే, ఆయన పని ఆపి మన ముచ్చట తీర్చుకుంటామా? కొత్త వైసు తెచ్చి ఆయన బల్లకు బిగించి ఇస్తాము, అప్పుడు పాతది తీసుకుంటాము అన్నాము. ఒప్పుకున్నాడు.

కొత్తది 4,200 రూపాయలు అయింది. నేను 1,500, అక్క 1,000, తమ్ముడు 1,000, చిన్నమ్మ చీటీ దుడ్డులోంచి 700. మిల్లు పింఛను తినేవాళ్ళకు 1,500 అంటే ఎంతో మీకు చెప్పనక్కరలేదు. తమ్ముడి దుడ్డు వద్దని అక్క చెప్పబోయింది. నేను కళ్ళతో ఆపినాను. వాడి 1,000 అందులో ఉండాల.

కొత్తదాన్ని బిగించిందీ, పాతదాన్ని విప్పిందీ తమ్ముడే. ఇంటికి తెచ్చి కిరసనాయిలుతో తుప్పు కడిగి, మరకు నూనె పెట్టినాడు. రంగు వేద్దామా అని పాప అడిగితే వద్దన్నాడు. పిడి మీద తాత చెయ్యి పడి నున్నగా అయిన చోటు రంగు కింద పోతుంది కదా. ఆయుధపూజ దినం పనిముట్లను ముట్టము కాబట్టి పసుపు, కుంకుమ పెట్టి ఊరుకున్నాము. మరుసటి దినం పాప మొదటిసారి దాంట్లో ఒక ఇనుప ముక్క పట్టించి ఆకురాయి పట్టింది. తమ్ముడు పక్కన నిలబడి, "మోచెయ్యి తగ్గించు, మీ తాత అట్ల నిలబడడు" అన్నాడు. వాళ్ళ నాయన పేరు వాడి నోట విని చానా దినాలైంది.

ఇప్పుడు ఇది చదివే వాళ్ళకు నాలుగు మాటలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ పనిముట్టు అమ్మాల్సి వస్తే అమ్మండి, అప్పు కంటే ఇనుము ఎక్కువ కాదు. కానీ తక్కెడకు ఎక్కించక ముందు చుట్టాలందరికీ ఒక మాట చెప్పండి, ఎవరైనా ఆ ధర ఇచ్చి తీసుకుంటారేమో. ఎవరికి అమ్మినారో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. మళ్ళీ కొనాలనుకుంటే, అమ్మినవాణ్ణి ముందు కలుపుకోండి. పెద్దవాళ్ళు బతికి ఉండగానే ఆ పనిముట్టు ఎక్కడ కొన్నారు, దాంతో ఏమేమి చేసినారు అని పిల్లల చేత అడిగించండి. మా చిన్నాయన పుదుప్పేట కథ నాకు చెప్పకపోయి ఉంటే, ఆ వైసును మేమూ పాత ఇనుమే అనుకునేవాళ్ళం.