హెచ్.ఐ.వి. ఎక్కడ దాక్కుంటుంది?

మన అరకు కొండల్లో అడవి దుంపలు తవ్వినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. వేసవిలో తీగ ఎండిపోతుంది, దుంప నేలలోనే ఉంటుంది. తొలకరి పడితే మళ్లీ తీగ వేస్తుంది.

హెచ్.ఐ.వి. రిట్రోవైరస్. దాని జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. మన సి.డి.4 తెల్లరక్తకణంలోకి చేరాక దాన్ని డి.ఎన్.ఏ.గా మార్చి, మన డి.ఎన్.ఏ.లోనే అతికించేస్తుంది. (ఈ మార్పు చేసే ఎంజైమును 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొన్నారు.) వైరస్‌ను తయారుచేస్తూ చాలా కణాలు చనిపోతాయి. కొన్ని మాత్రం విశ్రాంతి దశలోకి వెళతాయి. వాటిలో వైరస్ జన్యువులు పని మానేస్తాయి, వైరస్ ప్రోటీన్లు తయారు కావు. అందుకే రోగనిరోధక వ్యవస్థకు ఆ కణం మామూలు కణంలాగే కనిపిస్తుంది. మాత్రలూ దాన్నేమీ చేయలేవు, అవి కొత్త కణాలకు వైరస్ సోకకుండా మాత్రమే ఆపుతాయి. ఇలా దాగిన కణాలు సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుంది!

మన రాష్ట్రంలో ఏ.ఆర్.టి. మందులు 2004 నుంచి ఉచితం. క్రమంగా వాడితే వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది, లైంగికంగా ఇతరులకు సోకదు. చిక్కంతా అక్కడే. "తగ్గిపోయింది కదా" అని మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది. కొండమీది ఊరి నుంచి మాత్రలకు దిగిరావాలంటే ఒకరోజు కూలి పోతుంది. అందుకే మానేసినవాళ్లను తిట్టడం మాకు సబబుగా తోచదు. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, మాత్రలు అయిపోయే తేదీ మనం నోటుపుస్తకంలో రాసిపెట్టుకుని ముందుగా గుర్తుచేయవచ్చు.