డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆరు సెకన్ల పోరాటానికి అరగంట ఎందుకు పడుతోంది?

మయూర్ విహార్ ఫేజ్-1లో ఓ మిత్రుడి ఫ్లాట్. ఆదివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. బల్ల మీద గళ్ల కాగితం, పాచికలు, సగం తిన్న సమోసాలు. కథలో మా పాత్రలను అడవి దారిలో గాబ్లిన్లు చుట్టుముట్టాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి బాణం వేసింది. మళ్లీ తన వంతు వచ్చేసరికి ఫోన్‌లో మునిగిపోయి ఉంది.

"అన్నా, నా వంతేనా? ఇప్పుడెవరు ఎక్కడున్నారు?" అంది. అంతా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతి రెండు ఆదివారాలు ఆమె రాలేదు.

శ్రద్ధ లేదని ఆమెను అనడం తేలిక. కానీ లెక్క వేస్తే వేరే సంగతి బయటపడింది. అయిదుగురు ఆటగాళ్లు, కథ నడిపే డంజన్ మాస్టర్ (డీఎం). ఒక్కొక్కరు అయిదు నిమిషాలు తీసుకుంటే ఒక రౌండ్‌కు అరగంట. అంటే అయిదు నిమిషాలు ఆడటానికి పాతిక నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. ఎవరైనా ఫోన్ తీస్తారు.

ఇంతకీ ఆ సమయం ఎక్కడ పోతోంది?

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఈ ఆట, 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్ తర్వాత మన దగ్గర కూడా చాలామందికి తెలిసింది. 2014లో వచ్చిన 5వ ఎడిషన్ నిబంధనల్లో ఒక రౌండ్ అంటే కథలో సుమారు 6 సెకన్లు. ఆ కాసేపట్లో ఒక పాత్ర కొంత దూరం కదలొచ్చు, ఒక 'యాక్షన్' చేయొచ్చు, వీలుంటే ఒక 'బోనస్ యాక్షన్' కూడా.

అష్టాచెమ్మాలో గవ్వలు వేశాక ఏ కాయ జరపాలన్నదే ప్రశ్న. ఇక్కడ అలా కాదు. ఇంటెలిజెన్స్ బోనస్ +4 ఉన్న 5వ లెవెల్ విజార్డ్ చేతిలో సిద్ధంగా ఉన్న మంత్రాలు 9, ఎన్నిసార్లైనా వాడుకోగల చిన్న మంత్రాలు మరో 4. వంతు వచ్చాక పుస్తకం తెరిచి ఒక్కొక్కటే చదివితే అయిదు నిమిషాలు ఎక్కువేం కాదు. ఆలస్యం కూడికల్లో లేదు, ఆలోచన మొదలుపెట్టే సమయంలో ఉంది. చెస్ ఆటగాళ్లు ప్రత్యర్థి గడియారం నడుస్తుండగానే తమ ఎత్తు గురించి ఆలోచిస్తారు. మేం మాత్రం మా పేరు పిలిచాకే మొదలుపెట్టేవాళ్లం.

అందుకే ముందు మార్చింది పిలిచే పద్ధతిని. డీఎం ఇప్పుడు ఒక పేరు కాదు, రెండు చెబుతాడు: "ఇప్పుడు నువ్వు, తర్వాత ఆమె." వరుసను అందరికీ కనిపించేలా కాగితం మీద రాసి పెడతాడు. ఆ 'తర్వాత' అన్న మాట వినగానే ఆలోచన మొదలవ్వాలి. ఒకటి కాదు, రెండు ఉపాయాలు సిద్ధం చేసుకోవాలి. ఎందుకంటే మీరు గురిపెట్టిన గాబ్లిన్‌ను ముందువాళ్లు చంపేయొచ్చు.

పాచికల్లోనూ కొంత సమయం కలిసొచ్చింది. దాడి తగిలిందో లేదో తేల్చే 20 ముఖాల పాచికను, గాయం ఎంతో చెప్పే పాచికను కలిపి ఒకేసారి వేస్తున్నాం. దాడి తగలకపోతే రెండో దాన్ని పట్టించుకోం. 5వ లెవెల్ ఫైటర్‌కు రెండు దాడులుంటాయి కాబట్టి రెండు రంగుల పాచికలు. మంత్రాల దూరం, గాయం, ఎదుటివారు వేయాల్సిన సేవింగ్ త్రో వివరాలు చిన్న కార్డు మీదకెక్కాయి.

డీఎం వంతే అన్నిటికంటే పెద్దది

ఈ మాట డీఎంలకు నచ్చదు గానీ, మా బల్ల దగ్గర నిజం అదే. అయిదు గాబ్లిన్లను విడివిడిగా ఆడించడం అంటే అయిదుగురి పని. ఒకే రకం జీవులన్నిటికీ కలిపి వరుస కోసం ఒక్కసారే పాచిక వేయమని నిబంధనలే చెబుతున్నాయి. గాబ్లిన్ కత్తి దెబ్బకు పాచిక వేయకుండానే వాడుకోవడానికి సగటు అంకె 5 అని కూడా అచ్చు వేశారు. మేం ఆ రెండూ చదివి కూడా వదిలేశాం.

గాబ్లిన్ రక్షణ అంకె 15 అని డీఎం ముందే చెప్పేస్తే, "తగిలిందా?" అని అడిగే పని ఉండదు. ఉత్కంఠ పోతుందని మా డీఎం ఒప్పుకోలేదు. రెండు, మూడు దాడుల తర్వాత ఆ అంకె ఎలాగూ అందరూ ఊహిస్తారని నా వాదన. ప్రస్తుతం రెండో రౌండ్ నుంచి చెప్పాలని రాజీ కుదిరింది.

ఇసుక గడియారం పెట్టాలన్న సూచన కూడా వచ్చింది. నాకు ఇష్టం లేదు. నిబంధనలు నోటికొచ్చిన వాళ్లను అది ఏమీ చేయదు, దాని వల్ల కంగారు పడేది కొత్తవాళ్లే. దానికి బదులు, తేల్చుకోలేకపోతే ఆ పాత్ర 'డాడ్జ్' చేసినట్టు రాసుకుంటున్నాం. అంటే ఆ రౌండ్‌లో దెబ్బలు తప్పించుకోవడం మీదే దృష్టి. వంతు వృథా కాదు, ఎవరూ చిన్నబుచ్చుకోరు.

గత ఆదివారం నాలుగు రౌండ్ల పోరాటం గంటలోపే తేలిపోయింది. ఆ రాత్రే కొత్త అమ్మాయికి మెసేజ్ పెట్టాం. వస్తానంది, కానీ చివరి మెట్రో అందుకునేలా వదలాలని షరతు పెట్టింది.